మంచినీళ్ళ వాటా

అతను భూగర్భజలాల పరీక్షశాలలో కెమిస్టు. కాలనీలో అందరూ నీళ్ళాయన అనేవారు. ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి, ఇంకోటి దొరికేదాకా అని చెప్పి భార్యతో సహా అత్తగారింట్లో దిగాడు. ఇంకోటి దొరకలేదు. దొరికిన ప్రతిదానికీ అత్తగారు ఏదో ఒక వంక పెట్టేది. ఒకదానికి గాలి రాదు. ఒకదానికి ఎండ ఎక్కువ. ఇంకోటి అన్నివిధాలా బాగుంది గాని ఇంటాయన వాలకం నచ్చలేదు.

వాళ్ళకిచ్చింది ఒకప్పుడు భార్య చదువుకున్న గది. ఆమె పెళ్ళయ్యాక అది అత్తగారి మొక్కల నర్సరీకి సామాను గదిగా మారింది. వీళ్ళొచ్చాక కూడా సామాను కదల్లేదు. మంచం పక్కనే ఎరువు బస్తాలు, గోడవారగా ఒకదాంట్లో ఒకటి దూర్చి నిలబెట్టిన ప్లాస్టిక్ కుండీలు. మందు కొట్టే పంపు అడ్డం రావడంతో కిటికీ రెక్క ఒకటే తెరుచుకునేది. నిద్రలో అటు దొర్లితే మోచెయ్యి తగిలి కుండీలన్నీ ఒక్కసారి కూలేవి. తెల్లారాక అత్తగారు, "నిద్ర బాగా పట్టిందా బాబూ?" అని ఎంతో మర్యాదగా అడిగేది. అతన్ని కట్టిపడేసింది ఆ మర్యాదే. కసురుకునేవాళ్ళకి ఎదురు చెప్పచ్చు. మొదటి ముద్ద మనకి పెట్టి, మనం తిన్నాకగాని తను కూర్చోని మనిషికి ఏం చెబుతాం?

నర్సరీ మొదట అత్తగారి తల్లిది. తల్లి పోయాక అక్కాచెల్లెళ్ళిద్దరూ నేలను చెరిసగం పంచుకున్నారు. పెద్దది కాబట్టి ముందు ఎంచుకునే వంతు అత్తగారిది. ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు. ఇంటివైపు సగంలో ఉన్న బావి నీళ్ళు తియ్యగా ఉంటాయి. సబ్బు ఇలా రుద్దితే అలా నురగ వస్తుంది. రోడ్డువైపు సగంలో ఉన్న బోరు నీళ్ళు నాలుక మీద గరగరలాడతాయి, బకెట్ల లోపల తెల్లగా పెచ్చు కడతాయి, వాటితో తల కడుక్కుంటే జుట్టు చీపురైపోతుంది. మంచినీళ్ళ వాటా అక్కకి వచ్చిందని, ఉప్పునీళ్ళు చెల్లెలికి మిగిలాయని కాలనీ అంతా చెప్పుకున్నారు. ఆ చెల్లెలు, అంటే అతనికి చిన్నత్త, మధ్య కంచెకి చిన్న గేటు పెట్టించుకుంది, అంతే. ఆమె కోడలు రోజూ పొద్దున్నే ఆ గేటులోంచి వచ్చి తాగడానికి రెండు బిందెలు పట్టుకెళ్ళేది. అలా చాలా ఏళ్ళు గడిచాయి.

ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు గాని అత్తగారి మళ్ళలో మొక్కలు ఎదుగూ బొదుగూ లేకుండా పోయాయి. ఆకుల అంచులు కాలినట్టు మాడేవి. నేల పైన గట్టి పొర కట్టింది. నీళ్ళు పెడితే ఇంకకుండా నిలబడేవి, ఎండకి ఆరాక నేల పెంకుల్లా పగిలేది. కంచెకి అవతల చెల్లెలి గులాబీలు మాత్రం కొమ్మ కనపడకుండా పూసేవి. కొనేవాళ్ళు ముందు అత్తగారి దగ్గరికి వచ్చి, మొక్కలు చూసి, మాటల్లో పెట్టి, మెల్లగా అటు జారుకునేవారు.

ఆ వేసవిలో కొత్తగా వేసిన నారంతా ఒక్క మొక్క మిగలకుండా పోయింది. మర్నాడు పొద్దున్న గేటుకి తాళం పడింది. చిన్నత్త కోడలు ఖాళీ బిందెలతో కాసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు నెమ్మదిగా కదిపింది.

"బాబూ, దాని బోర్లో ఉప్పంతా భూమిలోంచి నా బావిలోకి దిగుతోంది. మీ ఆఫీసు ముద్ర వేసిన కాగితం ఒక్కటి ఇప్పించండి చాలు. కాలనీ సంఘంలో పెట్టి ఆ బోరు మూయిస్తాను."

"ముందు పరీక్ష చేయాలండీ అత్తయ్యగారూ. అందులో ఏముంటే అదే వస్తుంది."

"చెయ్యండి మరి. ఏముందో నాకు తెలీదా? ఇంట్లో డాక్టరుని పెట్టుకుని వీధిలో వాళ్ళని మందు అడుగుతామా?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె తలెత్తకుండా వడ్డిస్తోంది. సరేనన్నాడు. దరఖాస్తు అత్తగారి పేరునే రాయించాడు.

మర్నాడు బావి మోటారు వేసి, పైపులో నిలవున్న నీళ్ళు పోయేదాకా ఆగి, సీసాను ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపాడు. చీటీ అంటించి ఐసు పెట్టెలో పెట్టాడు. తర్వాత వీధి చుట్టూ తిరిగి చిన్నత్త ఇంటికి వెళ్ళాడు. ఆమె మనిషి పొట్టి, నవ్వు పెద్దది.

"అక్క పంపిందా?"

"అవునండీ."

"పట్టుకో నాయనా. నా దగ్గర దాచుకోడానికి ఏముంది, ఉప్పు తప్ప!"

లోపల ఎక్కడో చంటిపిల్ల ఏడుస్తోంది. చిన్నత్త మనవరాలు. అతను సీసా నింపుకుని వచ్చేశాడు.

పరీక్షలన్నీ అతనే దగ్గరుండి చేశాడు. అత్తగారి బావి నీళ్ళలో తాగడానికి వంక పెట్టే అంశం ఒక్కటీ లేదు. కానీ సోడియం మెండుగా ఉంది, సున్నం దాదాపు లేదు. అలాంటి నీళ్ళు ఏళ్ళ తరబడి పెడితే మట్టి రేణువులు చెదిరి, మెత్తగా పేరుకుని, నేల రంధ్రాలు మూసుకుపోతాయి. సాగుకి పనికిరాని తరగతి అది. చెల్లెలి బోరు నీళ్ళు దీనికి పూర్తిగా తలకిందులు. గరగరలాడే ఆ సున్నమే నేలను గుల్లగా ఉంచుతోంది. ఒక బావి ఉప్పు ఇంకో బావిలోకి దిగడమన్న మాటే లేదు. రెంటి తీరే వేరు.

అతను ఊపిరి పీల్చుకోబోతుండగా నైట్రేటు ఫలితం వచ్చింది. బోరు నీళ్ళలో అది ఉండాల్సిన దానికి రెండింతలు దాటింది. ఏళ్ళుగా వేసిన ఎరువులో, దగ్గర్లోని మరుగుదొడ్డి గుంటో, కారణం ఏదైనా కావచ్చు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఆమధ్య భార్య అన్న మాట. పిన్ని కోడలికి పాలు పడలేదట, డబ్బాపాలే పడుతున్నారట. గేటుకి తాళం పడ్డప్పటి నుంచి ఆ పాలపొడి కలిపేది ఏ నీళ్ళలో? పెద్దవాళ్ళకి అంత నైట్రేటు వెంటనే ఏమీ చేయకపోవచ్చు. నెలల పిల్లకి నెత్తురులో ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. పెదాలు నీలంగా మారతాయి.

రెండు కాగితాలూ పట్టుకుని పై అధికారి గదిలోకి వెళ్ళాడు. పెద్దసారు సంతకం పెడుతూనే విన్నాడు.

"దరఖాస్తు ఎవరిదో రిపోర్టు వాళ్ళదే. మీ అత్తగారికి ఇవ్వండి. బోరు వాళ్ళకి మనం కాగితం ఇవ్వలేం."

"ఆ ఇంట్లో చంటిపిల్ల ఉంది సార్."

"కాగితం ఇవ్వలేం అన్నాను. నోరు విప్పకూడదని ఏ రూల్లోనూ లేదు," అని పెద్దసారు ఇంకో ఫైలు లాక్కున్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు గాని బయట ఏమీ కనిపించలేదు. ఈ కాగితం ఇస్తే అత్తగారి కళ్ళు ముందు పడేది నైట్రేటు మీదే. దాని నీళ్ళు విషం అని ఊరంతా చాటుతుంది. బోరు మూస్తే చిన్నత్త నోటి దగ్గర కూడు పోతుంది. ఇవ్వకుండా దాస్తే అబద్ధమాడినట్టే. కాగితం సంగతి తర్వాత అనుకుని ఒక స్టాపు ముందే దిగి చిన్నత్త ఇంటికి నడిచాడు.

వంటింట్లో కోడలు పాలసీసా ఊపుతోంది. పిల్ల చిన్నత్త ఒళ్ళో ఉంది. అతను ముందు ఆ పెదాలు చూశాడు. గులాబీ రంగులోనే ఉన్నాయి. గోళ్ళూ చూశాడు. ఆ తర్వాత చెప్పాడు.

"కాచి పోస్తున్నాం కదా నాయనా! బాగా మరగబెట్టి మరీ ఇస్తున్నాం," అంది చిన్నత్త.

"అది ఇంకా చెడ్డది అత్తయ్యగారూ. మరిగేకొద్దీ నీళ్ళు ఆవిరైపోతాయి, లోపలున్నది చిక్కబడుతుంది."

కోడలు చేతిలో సీసా ఆగిపోయింది. మూత తీసి పాలన్నీ తూములో వంచేసింది. పిల్ల ఆకలికి గుక్కపట్టింది. ఇంట్లో బోరువి తప్ప వేరే నీళ్ళు చుక్క లేవు. అతను దాదాపు పరుగు మీద ఇంటికి వెళ్ళి, కునుకు తీస్తున్న అత్తగారిని దాటుకుని, వంటింటి కుళాయి కింద క్యాను నింపుకుని మళ్ళీ వీధి చుట్టూ తిరిగి వచ్చాడు. పిల్ల పాలు తాగుతూ నిద్రపోయింది.

ఆ దగ్గర్లో అమ్మే డబ్బా నీళ్ళు కూడా తెచ్చి పరీక్ష చేశాడు. అవీ అక్కడి బోర్లవే. నైట్రేటులో పెద్ద తేడా లేదు. ఇక దారి లేక రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు రెండు క్యాన్లు మోయడం మొదలుపెట్టాడు. ఒకరోజు వరండా మెట్ల దగ్గర అత్తగారు ఎదురైంది.

"పొద్దున్నే వ్యాయామమా బాబూ?"

"చిన్నత్తయ్యగారింటికండీ. చంటిదాని కోసం."

"నేను తాళం వేసిన గేటు మీకు కనపడలేదా?"

"గేటులోంచి వెళ్ళడం లేదండీ. వీధిలోంచి వెళ్తున్నాను."

ఆవిడ ఒక్క క్షణం తబ్బిబ్బయింది. ఇంక దాచి లాభం లేదని అతను క్యాన్లు దించి, సంచిలోంచి రిపోర్టు తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ వేలు అతను అనుకున్న చోటికే వెళ్ళి ఆగింది. మొహం వెలిగిపోయింది.

"రెండింతలా! అంటే విషమేగా!"

"తాగడానికి మంచివి కావండీ. మొక్కలకి మాత్రం అది ఎరువే."

"మరి నావి?"

"మీవి తాగడానికి బంగారం. నేలకే పడవు."

ఆవిడ నవ్వేసింది. "మనిషికి మంచివైన నీళ్ళు గడ్డికి మంచివి కాకుండా పోతాయా? అదేం చదువు బాబూ!" అని కాగితం మడిచి కొంగున పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. క్యాన్ల ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం సంఘం సమావేశం. అతన్ని సాక్షిగా రమ్మన్నారు. బయల్దేరబోతుంటే భార్య గది తలుపు దగ్గరగా వేసింది. ఇద్దరూ నిలబడడానికి కుండీలకీ మంచానికీ మధ్య ఉన్న కాస్త జాగానే ఉంది.

"నలుగురిలో అమ్మని తక్కువ చేయకండి. అబద్ధం చెప్పమని అనడం లేదు. రెండూ ఎలా కుదురుతాయో నాకూ తెలీదు."

"నాకూ తెలీదు," అన్నాడు.

సంఘం హాల్లో ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండాయి. అధ్యక్షుడు బట్టల కొట్టాయన. ఆయన కళ్ళజోడు సర్దుకుని రిపోర్టు తిప్పి తిప్పి చూశాడు. అంకెలు తప్ప ఏమీ కనిపించలేదు. చిన్నత్త వెనక వరసలో పిల్లని ఎత్తుకుని కూర్చుంది.

"మా అల్లుడుగారే పరీక్ష చేశారు," అంది అత్తగారు లేచి నిలబడి. "ఎవరి నీళ్ళు చెడ్డవో ఆయన నోటితోనే వినండి. చెప్పండి బాబూ."

అతను లేచాడు. "తాగడానికైతే చిన్నత్తయ్యగారివి పనికిరావు. పసిపిల్లలకి అసలే పట్టకూడదు. తోటకైతే..." అని ఆగాడు.

"ఊఁ, తోటకైతే?" అన్నాడు అధ్యక్షుడు.

"మావే పనికిరావు. ఒకరి నీళ్ళు ఒకరి బావిని పాడుచేయలేదు."

వెనక నుంచి ఎవరో, "అంటే అక్కగారు ఏరికోరి తోటకి కానివి తీసుకున్నారన్నమాట!" అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. చిన్నత్త ఒక్కతే నవ్వలేదు. పిల్ల చొక్కా సర్దుతూ తల దించుకుంది. బోరు తోటకే వాడాలని, తాగకూడదని బోర్డు పెట్టమని తేల్చి అధ్యక్షుడు సమావేశం ముగించాడు. అత్తగారు రిపోర్టు తీసుకుని, మడత మీద మడత పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది.

ఆవిడ అతన్ని పొమ్మనలేదు. పొమ్మన్నా బాగుండేది. ఆ రోజు నుంచి అతనితో నేరుగా మాట్లాడడం మానేసింది. "మీ ఆయన్ని చేతులు కడుక్కోమను," అని కూతురికి చెప్పేది. కూతురు ఇంట్లో లేకపోతే గోడకి చెప్పేది. "అన్నం చల్లారిపోతోందని ఎవరికైనా తెలిస్తే బాగుండు." మొదటి ముద్ద మాత్రం ఎప్పట్లాగే అతని కంచంలోనే పడేది.

"వెళ్ళిపోదాం," అన్నాడు భార్యతో. "ఏ కొంపైనా సరే."

"ఇప్పుడు వెళ్తే అల్లుణ్ణి వెళ్ళగొట్టిందంటారు. ఇప్పటికే ఆవిడ వీధిలోకి వెళ్ళడం మానేసింది. ఇంకోటి కూడా చెప్పనా? మనం వెళ్తే పిన్ని వాళ్ళకి నీళ్ళెవరు పడతారు?"

అతను ఈ ఇంట్లో ఉండలేడు. ఈ ఇల్లు వదిలితే ఆ కుళాయి అందదు. ఎక్కడెక్కడి నీళ్ళో పరీక్ష చేసి ఇది తాగండి, అది తాగకండి అని చెప్పే మనిషికి తను ఎటు అడుగు వేయాలో తెలియలేదు.

ఒక పొద్దున్న క్యాన్లు నింపుతుంటే అత్తగారు మడిలో పైపు పట్టుకుని నిలబడి ఉంది. నీళ్ళు అద్దంలా పరుచుకుని కదలకుండా ఉన్నాయి. మధ్యలో మొక్కలు వాడి తలలు వాల్చాయి.

"ఇన్ని నీళ్ళు పోస్తున్నా ఇంకా ఏం దాహమో వీటికి," అంది ఎటో చూస్తూ.

అతను క్యాన్లు దించి, గట్టున పడున్న చిన్న పార తీసుకుని మడిలో గొంతుక్కూర్చున్నాడు. పైనున్న బురదని పక్కకి గీకాడు. గోరు మందాన బురద, దాని కింద పొడి. ఎన్నాళ్ళుగానో చుక్క తడి ఎరగని పొడి. ఆవిడ పైపు వదిలేసి వంగింది. ఆ మట్టి చేతిలోకి తీసుకుని నలిపింది. అది పిండిలా జారిపోయింది. ఇంకోచోట తనే తవ్వింది. అక్కడా అంతే. మూడోచోట తవ్వబోయి ఆగిపోయింది.

"మా అమ్మ ఉన్నప్పుడు ఇలా లేదే," అంది. సమావేశం తర్వాత అతనితో నేరుగా అన్న మొదటి మాట అదే.

"కొంచెం కొంచెంగా అవుతుందండీ. ఆ రోజుల్లో వానలు కడిగేసేవేమో."

"దీనికి మందు?"

"జిప్సం అని సున్నపు జాతి పొడి ఉంటుంది, అది చల్లాలి. మన నీళ్ళలో సగానికి సగం చిన్నత్తయ్యగారి నీళ్ళు కలిపి పెట్టాలి. వాటిలో ఉన్న సున్నం నేలని విప్పుతుంది."

ఆవిడ మడిలోనే చతికిలబడింది. చీర కుచ్చెళ్ళు బురదలో నానుతున్నాయని కూడా చూసుకోలేదు. "మొదటిది తెప్పించండి. రెండోది నా వల్ల కాదు," అంది.

"నేను అడుగుతానండీ."

"అడగండి. నా పేరు ఎత్తకండి."

అతను వెళ్ళి అడిగాడు. చిన్నత్త క్యాన్లు అందుకుని లోపల పెట్టించి, వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆ రోజు నవ్వలేదు.

"నీళ్ళదేముంది నాయనా, ఎన్నయినా తోడుకోండి. కానీ అక్క రావాలి. నా పొట్ట కొట్టాలని సంఘందాకా వెళ్ళింది. తాళం వేసింది. పిల్ల సంగతి తెలిసి వేసిందని నేననను, అంత చెడ్డది కాదు అది. అయినా వచ్చి అడగాలి. నీ చేత అడిగిస్తే ఇవ్వను."

ఆ మాట మోసుకుని అతను వెనక్కి వచ్చాడు. అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏమందని నోటితో అడగలేదు గాని కళ్ళు అడిగాయి. చెప్పాడు, వీలైనంత మెత్తగా.

"అయితే ఆ నీళ్ళు దాన్నే దాచుకోమనండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా అతను ఒకటి రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. మాట మారలేదు. ఒక్క జిప్సంతో కొంత నేల మెత్తబడింది. కానీ పెట్టేవి మళ్ళీ ఆ నీళ్ళే కాబట్టి ఆ మెత్తదనం నిలవలేదు. మళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. బతికిన మొక్కల్ని అత్తగారు కుండీల్లోకి మార్చి ఇంటి నీడకి చేర్చింది. కుండీలు అవసరమయ్యేసరికి గదిలో గోడవార కాస్త ఖాళీ అయింది, పంపు అక్కడికి జరిపితే కిటికీ రెండో రెక్క కూడా తెరుచుకుంది. అక్కడి నుంచి చూస్తే బీడుపడ్డ నేల కనిపించేది. భార్య ఆ రెక్క మళ్ళీ మూసేసింది.

చిన్నత్త కోడలికి మొదట్లో అతన్ని చూస్తే మొహమాటంగా ఉండేది. పోను పోను పిల్లని అతని చేతికిచ్చి క్యాన్లు లోపలికి తీసుకెళ్ళేది. పిల్ల బోర్లా పడింది, పాకింది, అతని చొక్కా బొత్తాలు లాగడం నేర్చుకుంది.

ఒకరోజు అతను కుళాయి దగ్గర నిలబడి ఉండగా అత్తగారు పక్కనే కూర్చుని పాత కుండీలు తోముతోంది. తోముతూనే, తలెత్తకుండా అడిగింది.

"దానికి పళ్ళొచ్చాయా?"

ఎవరి గురించో అర్థం కావడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

"కింద రెండు వచ్చాయండీ."

"కొరుకుతోందా?"

"నిన్న నా వేలు కొరికింది."

ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. అంతలోనే బిగించేసుకుంది. తోమిన కుండీ పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది.

"క్యాను నిండి పొర్లిపోతోంది బాబూ, కుళాయి కట్టెయ్యండి," అంది.